పిల్లలకు మంచి గుణం అందించడం ఎలా?

సాయంత్రం మా కాలనీ పార్కులో నాలుగు చుట్లు తిరిగేలోపు ఎవరో ఒకరు ఆపుతారు. "బాబాయిగారూ, మా వాడికి మార్కులకు లోటు లేదు. కానీ మాట మీద నిలబడడు, ఎదుటివాళ్ళ కష్టం పట్టదు. విలువలు నేర్పే క్లాసులు గాజువాకలో ఎక్కడైనా ఉన్నాయా?" ఒకరు కూతురి గురించి అడుగుతారు, ఇంకొకరు మనవడి గురించి. ప్రశ్న ఒకటే. విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, చివరికి ఇలా రాసి పెడుతున్నాను.

నేను మనస్తత్వ నిపుణుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు ఓడల పనిలో ఉన్నాను. మొదట వెల్డింగు చేశాను, చివరి పన్నెండేళ్ళు ఇతరులు చేసిన వెల్డింగును తనిఖీ చేశాను. నా దగ్గరకు వచ్చిన అప్రెంటిస్ కుర్రాళ్ళలో ఒక్కరికి కూడా పని నోటితో నేర్పలేదు. పక్కన నిలబెట్టుకున్నాను, చేయి పట్టి చేయించాను, తర్వాత ఒక ఇనుప పలక ఇచ్చి వదిలేశాను. నాకు నేర్పిన మేస్త్రీ కూడా అంతే చేశారు. ఆయన పని నేర్చుకున్నది, 1948లో మన విశాఖలోనే కట్టిన జల ఉష ఓడను నీళ్ళలోకి దింపిన తరం వాళ్ళ దగ్గర. మంచి గుణం కూడా ఇలాగే చేతి నుంచి చేతికి అందుతుందని నా నమ్మకం. మీరు ఒప్పుకోకపోతే ఇక్కడే ఆపేయవచ్చు, ఎందుకంటే కింద రాసినదంతా ఆ నమ్మకం మీదే నిలబడింది.

ఇది ఆరు నుంచి పదహారేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళకు. అంతకంటే పెద్దవాళ్ళ సంగతి చివర్లో కొంచెం చెప్పాను.

కావలసినవి

- ఇంట్లో ఒక పెద్ద మనిషి. అమ్మ, నాన్న, అమ్మమ్మ, తాత, ఎవరైనా సరే. పిల్లలకు పెట్టిన నియమాన్ని ముందు తానే పాటించేవారై ఉండాలి.
- రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి.
- వారానికి రెండు వందల రూపాయలు, చిల్లరగా. యూపీఐ పనికిరాదు. చేతిలో నోటు, చేతికి వచ్చే చిల్లర పిల్లలకు కనబడాలి.
- పిల్లలు చేయకపోతే నిజంగా ఆగిపోయే ఇంటి పని ఒకటి.
- నెలకు ఒక ఆదివారం ఉదయం.
- కనీసం ఆరు నెలల ఓపిక.

నీతి కథల పుస్తకాల కట్ట, గోడకు అతికించే సూక్తులు, వేసవి శిబిరం అవసరం లేదు. ఉంటే నష్టమూ లేదు. పద్యాలు నేర్పించండి, భాషకు మంచిది. పద్యం అప్పజెప్పగానే గుణం వచ్చేసిందని మాత్రం అనుకోకండి.

1. జాబితాను మూడుకు కుదించండి

నోటు పుస్తకం మొదటి పేజీలో, మీ పిల్లలకు ఏ గుణాలు రావాలని ఉందో రాయండి. మీరూ మీ భార్య లేదా భర్త విడివిడిగా రాసి, తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. ఇలా రాయించిన ప్రతి ఇంట్లోనూ పది పన్నెండు తేలాయి. నిజాయితీ, వినయం, క్రమశిక్షణ, దైవభక్తి, దేశభక్తి, పొదుపు, దయ... ఒకేసారి పన్నెండు నేర్పబోతే ఒక్కటీ మిగలదు. మూడు ఉంచి మిగతావి కొట్టేయండి. ఈ మూడు దారిలో పడ్డాక మళ్ళీ చూసుకోవచ్చు.

ఇప్పుడు అసలు పని. ఆ మూడు మాటల్లో ప్రతిదాన్నీ కంటికి కనబడే పనిగా మార్చండి. "నిజాయితీ" అంటే తొమ్మిదేళ్ళ పిల్లకు ఏమీ అర్థం కాదు. "కొన్నాక మిగిలిన చిల్లర, అడగకముందే లెక్కతో తెచ్చి ఇవ్వాలి" అంటే అర్థమవుతుంది. "దయ" అనకండి. "ఇంటికి ఎవరు వచ్చినా ముందు మంచినీళ్ళు ఇవ్వాలి, గ్యాస్ సిలిండరు తెచ్చిన మనిషికి కూడా" అనండి. "బాధ్యత" అనకండి. "మొక్కలకు నీళ్ళు నీ పని. నువ్వు మరిచిపోతే నేను పోయను" అనండి.

ఒక హెచ్చరిక. "పెద్దలను గౌరవించడం" చాలామంది జాబితాలో మొదటి వరుసలో ఉంటుంది. దాన్ని పనిగా మార్చమంటే "చెప్పిన మాట వినాలి" అని రాస్తారు. అది వేరే సంగతి. పెద్దవాళ్ళు ఏం చెప్పినా తల ఊపే పిల్ల, రేపు చెడ్డ మాట చెప్పే పెద్దవాడికీ తల ఊపుతుంది. "నానమ్మ మాట్లాడుతుంటే ఫోను పక్కన పెట్టాలి" అని రాసుకోండి, చాలు.

2. ఏడు రోజులు మిమ్మల్ని మీరు తనిఖీ చేసుకోండి

ఈ మెట్టును దాటేద్దామని అందరికీ ఉంటుంది. దాటేస్తే మిగతా శ్రమంతా నీళ్ళపాలు.

ఒక వారం పాటు రోజూ రాత్రి పడుకునే ముందు, ఆ రోజు పిల్లల ఎదుట మీరు చేసిన వాటిలో మీ మూడు గుణాలకు విరుద్ధమైనవి నోటు పుస్తకంలో రాయండి. ఎవరికీ చూపించనక్కరలేదు. ఎక్కడ వెతకాలో తెలియకపోతే ఇక్కడ చూడండి:

ఫోను మోగితే "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అన్నారా? బస్సులో అర టికెట్టు కోసం పిల్ల వయసు తగ్గించి చెప్పారా? యూ టర్న్ దూరమని హైవే మీద ఎదురు దారిలో బండి నడిపారా, అదీ పిల్లవాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని? పెద్ద షాపులో బిల్లు చూడకుండా కట్టి, బయట ఆకుకూరలమ్మే ఆమె దగ్గర అయిదు రూపాయల కోసం పావుగంట బేరమాడారా?

అన్నిటికంటే పెద్దది మైనర్ చేతికి బండి ఇవ్వడం. మా వీధిలోనే చూస్తున్నాను. పదో తరగతి కుర్రాడు ట్యూషన్‌కు నాన్న బండి మీద వెళతాడు. "పక్క వీధికే కదా" అంటారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. జరిమానా సంగతి అలా ఉంచండి. తాళం చెవి ఇచ్చిన ఆ క్షణంలో మీరు వాడికి ఏం నేర్పారు? నియమం ఇతరుల కోసమని, పోలీసు కనబడితే పక్క సందులోకి తిప్పాలని. ఇక ఆ సాయంత్రం నిజాయితీ గురించి మీరు చెప్పే ముక్క వాడి చెవికి ఎక్కదు.

వారం అయ్యాక జాబితాలో ఒక్కటి, తేలికైనది, మానేయండి. మానేశానని చాటకండి. పిల్లలు గమనిస్తారు. గమనించనట్టు నటించడంలో వాళ్ళు మనకంటే ఘనులు.

3. ఇంటి కథ చెప్పండి, మీరు ఓడిపోయిన కథతో సహా

హరిశ్చంద్రుడి కథ గొప్పదే. కానీ మీ అమ్మ చేసిన ఒక చిన్న పని, మీ పిల్లలకు దానికంటే దగ్గరగా తగులుతుంది. వారానికి ఒకటి చెప్పండి. అయిదు నిమిషాలు మించకూడదు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పకండి. చిక్కుడుకాయలు తుంచుతూనో, బట్టలు మడతపెడుతూనో చెప్పండి. చేతులకు పని ఉంటే చెవులు తెరుచుకుంటాయి.

విశాఖలో కథకు కొదవేమిటి? 1966లో "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అంటూ వీధుల్లోకి వచ్చిన విద్యార్థులు ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డారు. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కర్మాగారం కోసం పొలాలు, ఇళ్ళు వదులుకున్న కుటుంబాలు గాజువాక చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. మీ ఇంట్లో కాకపోతే పక్కింట్లో ఉంటారు. వెళ్ళి అడగండి, పిల్లలతోనే అడిగించండి.

ఇక హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు అది వట్టి పేరు. మీకు మాత్రం ఆ గాలి హోరు ఇంకా చెవిలో ఉంటుంది. కరెంటు లేని ఆ రోజుల్లో ఎవరు ఎవరికి నీళ్ళిచ్చారు, ఎవరు పాల ప్యాకెట్టు ఎంతకు అమ్మారు, మీరు ఏం చేశారు... అది చెప్పండి.

నా కథ చెబుతాను. తుపాను వస్తోందని ముందే తెలిసి ఆరు డ్రమ్ముల నీళ్ళు పట్టి పెట్టాను. మూడో రోజు మా వాచ్‌మన్ భార్య బిందెతో వచ్చింది. "చూద్దాం అమ్మా, మాకే చాలేట్టు లేదు" అన్నాను. అబద్ధం. నాలుగు డ్రమ్ములు నిండుగా ఉన్నాయి. మా ఆవిడ లోపలి నుంచి వచ్చి ఒక్క మాట అనకుండా ఆ బిందె అందుకుని నింపి ఇచ్చింది. ఈ సంగతి మా పెద్ద మనవడికి వాడి పదో ఏట చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "తర్వాత ఆమెకు సారీ చెప్పావా తాతా?" అని అడిగాడు. చెప్పలేదు. ఆ కుటుంబం ఆ మరుసటి ఏడు శ్రీకాకుళం వైపు వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది. నేను జవాబు చెప్పలేకపోవడం వాడు చూశాడు. అంతవరకు నేను చెప్పిన పాతిక గొప్పల కథల్లో ఒక్కటీ వాడికి ఇంతగా గుర్తులేదు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. కథ ముగియగానే "కాబట్టి నువ్వు కూడా..." అంటారు. ఆ "కాబట్టి" దగ్గరే పిల్లలు లేచి వెళ్ళిపోతారు. కథ ఆపేసి చిక్కుడుకాయల మీదకు వెళ్ళండి. ప్రశ్న రావాలనుకుంటే అదే వస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్ళు లేరా? ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూడబోతే, లోపల చూపించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళే. రద్దీ లేని పూట వెళ్ళి, ఆ ఇరుకు గదుల్లో అన్ని రోజులు ఒకరితో ఒకరు ఎలా సర్దుకున్నారో పిల్లలతో అడిగించండి. టార్పెడోల లెక్కకంటే ఆ జవాబు ఎక్కువ పనికొస్తుంది.

4. పని అప్పగించండి

మా వెల్డింగులో నేర్చుకోవడానికి నాలుగు దశలుండేవి: చూడటం, పక్కన మేస్త్రీ ఉండగా చేయడం, ఒంటరిగా చేయడం, తర్వాత వచ్చినవాడికి చూపించడం. ఏ దశ దాటేసినా అతుకు నిలవదు. ఇంటి పని కూడా ఇదే వరుసలో అప్పగించండి.

వయసును బట్టి ఇలా ఇవ్వవచ్చు. ఆరు నుంచి ఎనిమిదేళ్ళవాళ్ళకు మొక్కలకు నీళ్ళు పోయడం, భోజనానికి ముందు కంచాలు పెట్టడం, రాత్రి మంచినీళ్ళ సీసాలు నింపడం. తొమ్మిది నుంచి పన్నెండేళ్ళవాళ్ళకు కూరగాయల కొనుగోలు. పదమూడు దాటినవాళ్ళకు తాతగారి బీపీ మాత్రలు అయిపోకముందే గమనించి తేవడం, కరెంటు బిల్లు చూసి గత నెలతో పోల్చి చెప్పడం, చుట్టం ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే క్యారియర్ తీసుకెళ్ళడం. ఆ చివరి పని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వార్డులో ఒక పూట చేసినా చాలు, మనిషి కష్టం అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు.

కూరగాయల పని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే లెక్క, మాట, మొహమాటం, మోసం అన్నీ అందులో ఉన్నాయి. రైతు బజారుకు పంపండి. ఎంవీపీ కాలనీది పెద్దది. మీకు దగ్గరలో ఏది ఉంటే అది. 1999లో రైతు నేరుగా అమ్ముకోవడానికి పెట్టిన బజార్లు ఇవి. ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద ఉంటుంది కాబట్టి పిల్లవాణ్ణి ఎవరో మోసం చేస్తారన్న భయం తక్కువ. వాడు మనకు తప్పుడు లెక్క చెప్పే వీలూ తక్కువే.

మొదటి రెండు వారాలు: మీరు కొనండి, వాడు చూస్తాడు. బోర్డు చదివించండి. వంకాయ పుచ్చు ఎలా చూస్తారో, బెండకాయ కొన ఎలా విరుస్తారో చూపించండి. అన్నట్టు, అమ్మే మనిషి ఎదురుగా ఇరవై బెండకాయల కొనలు విరిచి వదిలేయకూడదని కూడా అక్కడే చెప్పండి.

మూడు, నాలుగు వారాలు: వాడు కొంటాడు, మీరు రెండడుగుల వెనక నిలబడండి. నోరు మెదపకండి. ఇది చాలా కష్టం.

అయిదో వారం నుంచి: చీటీ, సంచి, రెండు వందలు ఇచ్చి పంపండి. చిన్నవాడైతే మీరు గేటు బయట ఉండండి. వచ్చాక లెక్క వాడి చేత్తోనే నోటు పుస్తకంలో రాయించండి. ఏం కొన్నాడు, ఎంతకు, మిగిలింది ఎంత. ఇరవై రూపాయలు తేడా వస్తే గద్దించకుండా, "ఎక్కడ తేడా వచ్చిందో ఇద్దరం వెతుకుదాం" అనండి. చాలాసార్లు అది కూడిక తప్పు. కొన్నిసార్లు జీళ్ళు. జీళ్ళు అని వాడే చెబితే, లెక్కలో "జీళ్ళు 20" అని రాయించి ఊరుకోండి. లెక్కలోకి ఎక్కింది కదా, మనకు కావలసింది అదే.

ఒకరోజు అమ్మే ఆమె పొరపాటున యాభై ఎక్కువ ఇచ్చేస్తుంది. ఆ రోజు తప్పకుండా వస్తుంది. అప్పుడు ఎండగా ఉందని, మళ్ళీ వారం ఇద్దామని అనకండి. చెప్పులు వేసుకుని వాడితో వెళ్ళి ఇప్పించి రండి. ఆటోకు అరవై అయినా సరే. యాభై రూపాయల కోసం అరవై ఖర్చు పెట్టిన నాన్నను వాడు జీవితాంతం మరిచిపోడు.

మూడు హెచ్చరికలు. ఒకటి, వాడు తెచ్చిన టమాటాలు చితికి ఉన్నాయని మళ్ళీ మీరు వెళ్ళి కొనకండి. ఆ రోజు చితికిన టమాటాలతోనే పప్పు. రెండు, ఇంటి పనికి డబ్బు ఇవ్వకండి. చేతిఖర్చు విడిగా ఇవ్వండి, పనికి కూలి ఇస్తే రేపు "ఈ రోజు నాకు డబ్బు వద్దు, పనీ వద్దు" అంటాడు, అప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు. మూడు, పరీక్షలు వచ్చాయని పని మాన్పించకండి. పావుగంట పని వల్ల ర్యాంకు పోదు. మనకు వేరే ముఖ్యమైన పని ఉంటే ఇంటి పని వదిలేయవచ్చన్న పాఠం మాత్రం బాగా ఎక్కుతుంది.

ఇంకొక మాట, ఇది కొంచెం కోపంగానే రాస్తున్నాను. ఆడపిల్లకు గిన్నెలు, మగపిల్లాడికి బజారు అని పంచకండి. అన్న తిన్న కంచం చెల్లి తీసే ఇంట్లో దయ గురించి, సమానత్వం గురించి ఎన్ని కబుర్లు చెప్పినా ఆ కంచం అన్నిటినీ కొట్టేస్తుంది. నెల మార్చి నెల పనులు మార్చండి. మా ఇంట్లో ఈ నియమం పెట్టింది మా కోడలు. నాకు మొదట్లో నచ్చలేదు. నా కంచం కూడా నేనే తీయాల్సి వచ్చింది కదా.

5. నెలకు ఒక ఆదివారం ఊళ్ళోకి వెళ్ళండి

ఇది విహారం కాదు, అలాగని పాఠం కూడా కాదు. ఏదైనా ఒక మంచి పని జరుగుతున్న చోటికి వెళ్ళి, అందులో చేయి కలిపి రావడం. మా ఇంట్లో పనికొచ్చినవి కొన్ని:

సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు మొదలై రాత్రంతా జనం 32 కిలోమీటర్లు నడుస్తారు. నడవకపోయినా ఫరవాలేదు. హనుమంతవాక దగ్గరో, మాధవధార దగ్గరో నలుగురు కలిసి మంచినీళ్ళో మజ్జిగో ఇస్తుంటారు, పిల్లలను వాళ్ళతో నిలబెట్టండి. షరతు ఒక్కటే: ఇచ్చిన గ్లాసులు ఏరాకే ఇంటికి రావాలి. నీళ్ళు ఇచ్చేటప్పుడు అందరికీ ఉత్సాహమే. గ్లాసులు ఏరేటప్పుడు ఎవరు మిగిలారో చూడండి.

చేపల రేవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు తూర్పు తీరంలో మర పడవలు వేటకు వెళ్ళకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో వెళితే పడవలన్నీ వరుసగా కట్టేసి ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ మనుషులు కనబడతారు. రేపటి కోసం ఇవాళ ఆగడం అంటే ఏమిటో, ఆగితే ఇల్లు గడవడం ఎంత కష్టమో రెండూ వాళ్ళ నోటనే వినవచ్చు.

తాబేళ్ళు. చలికాలం చివర నుంచి వేసవి మొదటి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాళ్ళు వాటిని ఏరి, కంచె కట్టి కాపాడతారు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. వదిలేటప్పుడు చూడగలిగితే వెళ్ళండి. చేత్తో ముట్టకూడదు, ఫోను లైటు వేయకూడదు. వెలుగు చూస్తే అవి దారి తప్పుతాయి. ఫొటో తీయకుండా నిలబడటమే ఆ రోజు పని.

ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు నడకకు వెళితే ఒక సంగతి చెప్పండి. 1926లో దానికి మొదటి ఉపకులపతి (వైస్ చాన్సలర్) అయిన కట్టమంచి రామలింగారెడ్డి, 1930లో బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా పదవి వదిలేశారు. 1936లో తిరిగి వచ్చారు. నాన్న ఉద్యోగం గురించి పిల్లలు అప్పుడొక ఇబ్బందికరమైన ప్రశ్న అడగవచ్చు, సిద్ధంగా ఉండండి.

వెళ్ళిన చోట తీసిన ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. పిల్లవాడు మజ్జిగ ఇస్తున్న ఫొటోకు యాభై మెచ్చుకోళ్ళు వచ్చాయంటే, మరుసటి ఏడు వాడు మజ్జిగ కోసం రాడు.

6. తప్పు జరిగిన రోజు ఏం చేయాలి

అబద్ధం, దొంగతనం, కాపీ. ఏదో ఒకటి జరుగుతుంది. మీ పిల్లల చేత జరగదని అనుకుంటున్నారా? అయితే ఇంకా మీకు తెలియలేదంతే.

మా అబ్బాయి పదకొండో ఏట, క్రికెట్ బంతితో ఎదురింటి కిటికీ అద్దం పగలగొట్టి, తాను కాదన్నాడు. సాక్ష్యం దొరికింది. ఆట ఆడే పిల్లలందరి ముందు చెంప మీద కొట్టాను. నిజాయితీ నేర్పుతున్నానని అనుకున్నాను. వాడు నేర్చుకున్నది వేరు: ఈసారి సాక్ష్యం మిగలకుండా చూసుకోవాలని. తర్వాత రెండేళ్ళు వాడి ప్రోగ్రెస్ కార్డు మీద నా సంతకం నాకంటే వాడే బాగా పెట్టాడు. అది తెలిశాకే నా పద్ధతి మార్చుకున్నాను. ఇప్పుడు మనవల విషయంలో పాటిస్తున్న వరుస ఇది:

మొదట గది తలుపు వేయండి. మూడో మనిషి ఉండకూడదు. "ఎందుకు చేశావు?" అనకండి, దానికి పిల్లల దగ్గర ఉండేది సాకు మాత్రమే. "ఏం జరిగింది?" అని అడిగి ఆగండి. నిజం చెబితే శిక్ష తగ్గుతుందని ముందే తెలిసి ఉండాలి, తగ్గించి తీరాలి. తర్వాత నష్టం సరిదిద్దించండి. అద్దం పగిలితే చేతిఖర్చులోంచి నెలకు కొంత కట్టాలి, ఎదురింటికి వెళ్ళి తానే చెప్పాలి. మీరు పక్కన ఉండండి, కానీ వాడి బదులు మాట్లాడకండి. అక్కడితో ఆ సంగతి ముగిసింది. వచ్చే దసరాకు చుట్టాల ముందు మళ్ళీ తవ్వకండి. తీర్చిన అప్పును మళ్ళీ అడిగేవాడిని ఎవరు నమ్ముతారు?

మీ వైపు తప్పు జరిగినా ఇదే వరుస. "నేను నిన్న అరిచాను, అది తప్పు" అని చెప్పడానికి పది సెకన్లు చాలు. నాకు మొదటిసారి మూడు రోజులు పట్టింది.

ఎక్కడ బెడిసికొడుతుంది

"ఆరు నెలలు చేశాం, ఏమీ మారలేదు" అని వచ్చేవాళ్ళ ఇళ్ళలో సాధారణంగా కనబడేవి ఇవి. అమ్మ ఒక కొలత, నాన్న ఇంకొక కొలత. తాత రహస్యంగా చాక్లెట్టు ఇచ్చి "అమ్మకు చెప్పకు" అనడం. ఈ చివరిది నాలాంటి ముసలివాళ్ళకు. మనం ప్రేమ అనుకుని ఇచ్చేది, రహస్యం దాచడంలో మొదటి పాఠం. ఇంటి నియమం కొడుకు కోడలిదైతే అదే చెల్లాలి. మనకు నచ్చకపోతే పిల్లలు పడుకున్నాక వాళ్ళతో మాట్లాడుకోవాలి.

ఇంకొకటి పోలిక. "పక్కింటి పిల్లను చూసి నేర్చుకో" అన్న మాట వల్ల నేర్చుకున్న పిల్లను నేనైతే చూడలేదు, పక్కింటి పిల్ల మీద కోపం పెంచుకున్న పిల్లలను చాలామందిని చూశాను.

ఫలితం ఎలా చూసుకోవాలి

వెల్డింగు అతుకు పైకి నున్నగా, అలలు అలలుగా ముచ్చటగా ఉండవచ్చు. లోపల గాలి బుడగలు ఉన్నాయో లేదో ఎక్స్‌రే తీస్తేగాని తెలియదు. చుట్టాలు రాగానే కాళ్ళకు దండం పెట్టే పిల్లను చూసి మురిసిపోకండి. అది పై నునుపు.

నేను చూసే గుర్తులు నాలుగు. మీరు ఊళ్ళో లేని వారంలో మొక్కలకు నీళ్ళు పడ్డాయా? తనకు ఏ లాభమూ చేయలేని మనిషితో, అంటే ఆటో డ్రైవరుతో, లిఫ్టులో ఎదురైన పనిమనిషితో, బడిలో ఎవరూ మాట్లాడని పిల్లతో ఎలా మాట్లాడుతోంది? మీకు తెలిసేలోపు తన తప్పు తానే వచ్చి చెప్పిందా, ఆరు నెలల్లో ఒక్కసారైనా? మీ తప్పు ఎత్తి చూపిందా? నాలుగోది జరిగిన రోజు ఒళ్ళు మండుతుంది, కానీ నోటు పుస్తకంలో తేదీ వేసుకోండి. అంతకంటే మంచి గుర్తు లేదు.

పరీక్ష పెట్టకండి. బల్ల మీద కావాలని డబ్బు వదిలేసి తలుపు చాటు నుంచి చూడటం లాంటివి చేయకండి. దొరికినా దొరకకపోయినా, అది తెలిసిన రోజు మీ మీద నమ్మకం పోతుంది.

మొదటి మూడు నెలలు ఏమీ కనబడదు. నాలుగో నెలలో వెనక్కి పోయినట్టు కూడా అనిపిస్తుంది, కొత్త సరదా తీరిపోతుంది కాబట్టి. అప్పటికీ కదలిక లేకపోతే మూడు గుణాలను ఒకటికి తగ్గించండి, రెండో మెట్టుకు తిరిగి వెళ్ళండి. లోపం సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

పదిహేడు, పద్దెనిమిది దాటినవాళ్ళుంటే? బజారు చీటీ ఇవ్వబోతే నవ్వుతారు. వాళ్ళతో ఆరో మెట్టు నుంచి, అదీ మీ తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెట్టండి. తర్వాత ఇంట్లో నిజమైన నిర్ణయం ఒకటి వాళ్ళ చేతిలో పెట్టండి: తాతగారి కంటి ఆపరేషన్ ఏర్పాట్లో, చెల్లెలి కాలేజీ ఫీజు లెక్కో. తప్పుగా చేసినా మధ్యలో లాక్కోకండి.

చివరగా, మొదటిసారి రైతు బజారుకు పంపేటప్పుడు రెండు సంచులు ఇవ్వండి. టమాటాలకు ఒకటి విడిగా. మా వాడు బంగాళాదుంపల కింద వేసి తెచ్చాడు.